జలక్రీడలలో దేనిని చేపట్టవలెను?



జలక్రీడ యనగానే పురాణశ్రవణమునకు అలవాటుపడిన చెవులకు రాజుల వేడుకలే తోచును. రఘువంశమున పదునారవ సర్గలో కుశుడు సరయూనదిలో జలకేళి సల్పుచు చేతి ఆభరణమును జారవిడుచుకొనిన కథ విద్వాంసు లెఱుగుదురు. నేటి జలక్రీడ వేఱు. దానికి గురువును, నియమమును, ఏండ్లకొలది సాధనయు వలయును. కావున ఎంచుకొనునపుడే కొంత యోచన అవసరము.

పిన్నలు సాధారణముగా ముందు పడవను జూచి మోహపడుదురు. తెల్లని తెరచాపయో, రంగులు పూసిన కయాకో కంటికి నచ్చును. అడుగవలసిన మొదటి ప్రశ్న వేఱొకటి: ఏ నీరు, ఏడాదిలో ఎన్ని నెలలు అందుబాటులో నుండును? వానకాలమున అలుగు పాఱి, వేసవికి నడుమ గుంటగా మిగులు చెరువును నమ్మినవాడు ఆఱు నెలలు నేర్చినది ఆఱు నెలలలో మఱచును. కాలువకు నీరు విడుచుటయు, కట్టుటయు పంటల లెక్కను బట్టియే గాని ఆటగాండ్ర లెక్కను బట్టి జరుగదు.

నీటి స్వభావమును బట్టి ఆటయు మాఱును. రోయింగు అనబడు తెడ్డు పందెపు పడవ సన్నముగా, పొడవుగా నుండి చిన్న అలకే తొణకును. దానికి గాలిలేని నిశ్చలజలము కావలయును. అందుచేతనే ఆ సాధకులు తెల్లవాఱుజాముననే నీటికి చేరుదురు. ఒలింపిక్ క్రీడలలో ఇటీవలి వఱకు ఈ పందెపు దూరము 2000 మీటర్లుగా నడచినది. తెడ్డు వేయువాడు గమ్యమునకు వీపు త్రిప్పి కూర్చుండును. కూర్చున్న పీటయే ముందు వెనుకలకు జరుగుచుండును. చూచువారికి చేతుల పనిగా కనబడును గాని బలములో ఎక్కువ పాలు కాళ్లనుండియే వచ్చును. పొలములో నాగలి పట్టినవానికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు.

తెరచాపకు గాలియే ప్రాణము. అయినను గాలికి సూటిగా ఎదురు పోవుట ఏ తెరచాప పడవకును సాధ్యము గాదు. కొంత కుడికి, కొంత యెడమకు మెలికలు తిరుగుచు ఎదురుగాలిని గెలువవలెను. ఇచట కండబలముకంటె ఓర్పును, గాలి జాడ కనిపెట్టు చూపును ముఖ్యములు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున కట్టబడిన హుస్సేన్‌సాగరమున వర్షర్తువు గాలులలో తెరచాప పందెములు జరుగుట హైదరాబాదు వాసులకు పరిచితమే.

పదుగురితో కలిసి ఆడవలెనను కోరిక గలవారు కేరళ దేశపు చుండన్ వళ్లములను గూర్చి తెలిసికొనవలెను. 1952లో నెహ్రూ పండితుడు ఆలప్పుళకు వచ్చినపుడు జరిగిన పందెమే నెహ్రూ ట్రోఫీకి మూలము. సుమారు నూఱడుగుల పడవలో దాదాపు నూఱుమంది ఒకే పాట లయకు తెడ్లు వేయుదురు. లయకు ముందు పోయిన బలశాలి వలన పడవకు మేలు గాదు, చెఱుపే.

నీరు దగ్గఱ నున్నంత మాత్రమున చాలదు. పడవయు, నేర్పువాడును ఎచటనుందురో అదియు చూడవలెను. బజరంగలాల్ తాఖర్ ఇసుక దేశమగు రాజస్థానమున పుట్టి, సైన్యమున చేరిన పిమ్మట తెడ్డు పట్టెను. 2010లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఒంటరి పడవ పందెమున గెలిచి, రోయింగులో మన దేశమునకు ఆ క్రీడల తొలి స్వర్ణపతకము తెచ్చెను. స్నేహితులను కూడ ఎంచుకొనవలసినదే. ప్రమాణకోటి కడ జలక్రీడలాడి అలసి నిద్రించిన భీమసేనుని తీగలతో కట్టి గంగలో త్రోసినవాడు తోడి ఆటగాడే గదా!

ఇక పడవ ఏదైనను, అది తలక్రిందులగు దినమొకటి వచ్చును. కాబట్టి ఈత రానివానికి పై ఆటలలో ఏదియు తగదు. లైఫ్‌జాకెట్టు తొడుగుకొనుట విధి. అది ఈతకు బదులు గాదు. ఎండిన ఆనపబుఱ్ఱలు, బెండ్లు కట్టి పెద్దలు నేర్పిన ఈతయే ఈ విద్యలన్నిటికి అక్షరాభ్యాసము. ఆడపిల్లలకు ఈత యేల యనువారు ఆరతీ సాహాను తలచుకొందురు గాక. హుగ్లీ నదీఘట్టమున ఈత నేర్చిన ఆ బాలిక పండ్రెండేండ్లు నిండకయే 1952 హెల్సింకీ ఒలింపిక్సుకు వెళ్లెను. 1959 ఆగష్టులో ఇంగ్లీషు ఛానలు దాటబోయి విఫలురాలై, మరుసటి నెల 29వ తేదీన 16 గంటల 20 నిమిషములు ఈది గట్టెక్కెను. ఆసియా స్త్రీలలో ఆ పని చేసినది ఆమెయే మొదట.

ఈత వచ్చినవారికిని కొన్ని చోట్లు నిషిద్ధములు. ఆనకట్ట దిగువన పడు నీరు పైకి నురుగుగా నవ్వుచుండును గాని, దొరలి దొరలి మనిషిని వెనుకకే లాగును. లాకుల తలుపుల చెంతను, తూము నోటి కడను ప్రవాహము కంటికి కనబడదు. మట్టి తవ్విన చెరువులో మోకాలిలోతు నడుమనే నిలువు గోయి యుండవచ్చును. మునుగువాడు కేకలు వేయుననుకొందురు. పెక్కుమాఱులు నిశ్శబ్దముగనే మునుగును. అట్టివానికై తాను దూకుటకు ముందు గట్టునుండి గడయో, మోకో, కడకు మూత బిగించిన ఖాళీ డబ్బాయో అందించుట మేలు.

ఈ వేసవిలో పిల్లలను నీటికి దింపదలచిన తలిదండ్రులు ముందు కాలువ లస్కరును, చెరువు గోతులెఱిగిన బెస్తలను వెంటబెట్టుకొని గట్టు వెంబడి ఒకమాఱు నడచి, దిగదగిన చోటును గుంజలు పాతి గుర్తించుకొనవలెను. పడవ మాట ఆ తరువాత.