చేర్పుల ఆటలకు చాలిన లాప్‌టాప్

మా తాతగారు రేడియో కొనడానికి పల్లెనుండి గుంటూరు వెళ్ళి, దుకాణంలో ఒక పూటంతా కూర్చుని, పెట్టె నునుపుకూ, ముందున్న పచ్చదీపానికీ మోజుపడి ఒక సెట్టు తెచ్చుకొన్నారట. ఇంటికి తెచ్చిన తరువాత తెలిసింది, అది కరెంటు మీద మాత్రమే పలికే సెట్టు అని. అప్పటికి మా ఊరికి కరెంటు రాలేదు. స్తంభాలు నాటేదాకా ఆ రేడియో దేవుడి గూటి పక్కన మౌనంగా పూజలందుకొన్నది. ఈ మాట మా ఇంట్లో నవ్వులాటకు చెప్పుకొనేవారు. నాకు మాత్రం అది 2025 వేసవిలో, మా మేనల్లుడికి లాప్‌టాప్ కొనవలసి వచ్చినప్పుడు నిజంగా గుర్తుకు వచ్చింది.

మా బావగారిది నరసరావుపేట దగ్గర మిరప, పత్తి సేద్యం. ఆ సంవత్సరం మిరప ధర ఎంతగా పడిపోయిందో శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలుగా ధర నిర్ణయించవలసి వచ్చింది. అటువంటి యేట ఆయన కొడుకు లాప్‌టాప్ కోసం డెబ్బై వేలు పక్కన పెట్టారు. అంటే ఆ ధరకు ఆరు క్వింటాళ్ళ ఎండుకాయ. ఎరువు, మందు, కోతకూలి అందులోంచి తీసివేస్తే మిగిలేది ఎంతో లెక్క కట్టడానికి నాకు మనసొప్పలేదు.

కుర్రవాడు ఇంజనీరింగు రెండవ సంవత్సరం. "మామయ్యా, చదువుకోసమని నాన్నతో చెప్పాను. అది అబద్ధం కాదు, సగం నిజం" అన్నాడు నాతో. మిగిలిన సగం ఆటలు. అదీ మామూలుగా ఆడే ఆటలు కావు, మోడ్లు కూర్చిన ఆటలు. ఆ సగం కూడా నీవే చెప్పుకొమ్మన్నాను. చెప్పాడు. బావగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత నాకు ఫోను చేసి, "ఆడుకుంటే ఆడుకోనీ బావా. రెండేళ్ళకే ఇది చాలదు, ఇంకొకటి కావాలి అనకుండా వుంటే చాలు" అన్నారు. ఆ ఒక్క షరతు మీదనే మా ఎంపిక అంతా నడిచింది.

మోడ్ అంటే ఏమిటో తెలియని పెద్దలకు ఒక మాట. మన ప్రాంతంలో పద్యనాటకాలు చూచినవారికి దీన్ని చెప్పడం తేలిక. కవి రాసిన నాటకం ఒకటి. రంగస్థలం మీద నటుడు దానికి తన రాగం చేరుస్తాడు, మరొక కవి పద్యం తెచ్చి చొప్పిస్తాడు, ఒన్స్‌మోర్ అంటే ఇంకా సాగదీస్తాడు. కథ మారదు గాని, తెల్లవారుతుంది. కంప్యూటరు ఆటల్లోనూ అంతే. తయారుచేసినవారు ఇచ్చిన ఆటకు ఆడేవారు తమ చేర్పులు తాము కూర్చుకొంటారు. వాటిని ఇతరులతో పంచుకొంటారు. చెక్ దేశంవారు 2012లో విడుదల చేసిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే లారీ ఆటలో మన దేశపు లారీలూ బస్సులూ తిరుగుతున్నవంటే అవి ఈ చేర్పుల మహిమే. ఫోనులో ఆడే బస్ సిమ్యులేటర్ ఇండొనేసియాలో మన ఆర్టీసీ బస్సు రంగులు కనపడడమూ ఇదే పద్ధతి. తన ఊరి బస్సును తానే నడపాలని ఒక పిల్లవాడికి అనిపించడంలో తప్పేమీ నాకు కనపడదు.

అయితే చిక్కు ఇక్కడనే వున్నది. ఆట పెట్టె మీద "ఇంత యంత్రం చాలు" అని రాసినది ఒట్టి ఆటకు. దాని మీద రెండువందల చేర్పులు ఎక్కించినప్పుడు ఎంత కావాలో ఎవరూ రాయరు. కనుక దుకాణానికి పోకముందే, ఏ ఆట, ఏయే చేర్పులు అని కాగితం మీద రాసుకోవడం మొదటి పని. ఎందుకంటే అన్ని ఆటల ఆకలీ ఒక్కటి కాదు. 2011లో వచ్చిన స్కైరిమ్ 32 బిట్ల ఆట. యంత్రంలో ఎంత మెమరీ వున్నా 4 జీబీకి మించి అది వాడుకోలేదు. చేర్పులు ఎక్కువైతే ఆగిపోయేది. 2016లో వచ్చిన దాని 64 బిట్ల కూర్పుకు ఆ కట్టుబాటు లేదు. ఎంత పెడితే అంత తింటుంది. పాతకాలపు ఆటలే మీ అబ్బాయి జాబితాలో వుంటే కొత్త యంత్రం అవసరమే లేకపోవచ్చు. ఆ మాట దుకాణంవారు చెప్పరు.

ఇక మెమరీ సంగతి. గుంటూరువారికి దీన్ని వివరించడానికి మిరప కల్లాన్ని మించిన ఉపమానం లేదు. ఎస్‌ఎస్‌డి అనేది కోల్డ్‌స్టోరేజీ. సరుకంతా అక్కడ నిలవ వుంటుంది. ర్యామ్ అనేది కల్లం. పని జరిగేటప్పుడు సరుకు పరిచేది అక్కడ. కల్లం చిన్నదైతే కొన్ని బస్తాలు విప్పి, మళ్ళీ కట్టి, వెనక్కు పంపి, వేరేవి తెప్పించుకోవాలి. అంతసేపూ కూలీలు చేతులు కట్టుకొని నిలబడవలసిందే. తెరమీద బొమ్మ గుక్కపట్టినట్లు ఆగి ఆగి కదలడానికి కారణం తరచుగా ఈ మోతలే. మైన్‌క్రాఫ్ట్ జావా కూర్పుకు పెద్ద చేర్పుల మూట ఎక్కిస్తే దానికొక్కదానికే 6 నుండి 8 జీబీ కేటాయించవలసి వస్తుంది. విండోస్ తన వాటా తాను ఎటూ తీసుకొంటుంది. కనుక 8 జీబీ ర్యామ్‌తో ఈ ఆటలకు పూనుకోవద్దు, 16 వుండాలి. (అతిగా కేటాయించినా మేలు లేదు. వాడి పారేసిన సరుకును జావా అప్పుడప్పుడు ఊడ్చుకొంటుంది. కల్లం మరీ పెద్దదైతే ఆ ఊడ్పు ఒక్కసారిగా చాలాసేపు పట్టవచ్చు.) ఆ 16 కూడా ఒకే పలకగా కాక, ఎనిమిదేసి చొప్పున రెండు పలకలుగా వుంటే సరుకు రెండు దారుల్లో నడుస్తుంది. ర్యామ్‌ను తరువాత పెంచుకోవడానికి వీలున్నదా, లేక బోర్డుకే అతికించి ఇచ్చారా అన్నది విధిగా అడగవలసిన ప్రశ్న.

గ్రాఫిక్స్ కార్డుకు తనదంటూ వేరే చిన్న కల్లం వున్నది. దాన్ని వీ-ర్యామ్ అంటారు. కొన్న తరువాత దాన్ని పెంచే ఉపాయం లేదు. మా బావగారి షరతుకు అసలు కీలకం ఇదే. తక్కిన లోపాలను కొంత దిద్దుకోవచ్చు. దీన్ని యంత్రంతో పాటు మోయవలసిందే. చేర్పుల్లో అధికభాగం బొమ్మల పైపూతలు, అంటే గోడకు ఇటుక, రోడ్డుకు తారు, ముఖానికి చర్మం వంటివి. 2కె పూత ఒకటి, కుదించి దాచినా, సుమారు 5 మెగాబైట్లు పడుతుంది. అదే పూత 4కె అయితే 21. పేరులో అంకె రెండింతలైతే స్థలం నాలుగింతలు. ఇందులో నాకు నవ్వు పుట్టించే సంగతి మరొకటి వున్నది. మామూలు లాప్‌టాప్ తెరమీద వుండే చుక్కలు సుమారు 20 లక్షల 70 వేలు. ఒక్క 4కె పూతలో చుక్కలు కోటీ 67 లక్షల పైచిలుకు. చూపే తెరకన్న ఎనిమిది రెట్లు పెద్ద బొమ్మను మూలనున్న కుండకు తొడిగి, యంత్రం నడవడం లేదని దాన్ని తిట్టడం న్యాయం కాదు. 2కె పూతలకు దిగితే, దగ్గరగా చూచే కొన్నిచోట్ల తప్ప, తేడా కనిపెట్టడం కష్టం.

దుకాణంలో ఇంటెల్ ఎన్నో నంబరు, రైజెన్ ఎన్నో నంబరు అని గట్టిగా చెపుతారు. వీ-ర్యామ్ ఎంతో అడిగితేనే చెపుతారు. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతోనే లాప్‌టాప్‌లలో 4 జీబీదీ వున్నది, 6 జీబీదీ వున్నది. 4050కి 6, 4060కీ 5050కీ 8. పరిమితమైన సొమ్ముతో చేర్పుల ఆటలు కోరేవారు 6కు తగ్గకూడదనీ, 8 అందుబాటులోకి వస్తే మిగిలిన హంగులు వదులుకొని అయినా తీసుకోవాలనీ నా అభిప్రాయం. పేరు ఒకటే అయినా బలం ఒకటి కాదన్నది కూడా గమనించాలి. 4050ని కొందరు 35 వాట్లకు కట్టివేసి అమ్ముతారు, కొందరు 115 వాట్లదాకా పోనిస్తారు. పలుచని సొగసైన పెట్టెల్లో సాధారణంగా తక్కువ వాట్లు వుంటవి. ఈ అంకె తయారీదారు వెబ్‌సైటులో, గుణాల పట్టికలో దొరుకుతుంది.

తక్కిన వాటిని గురించి ఎక్కువ చెప్పను. 512 జీబీ ఎస్‌ఎస్‌డి త్వరగా నిండుతుంది. ఒక్క స్కైరిమ్ చేర్పులే వంద, రెండువందల జీబీ ఆక్రమించడం వున్నది. రెండవ ఎస్‌ఎస్‌డికి ఖాళీ చోటున్నదో లేదో చూడండి. మీటల కింద రంగురంగుల దీపాలకు డబ్బు పెట్టవద్దు. యంత్రాన్ని ఒకచోటనుండి మరొకచోటికి మోయవలసిన అవసరమే లేకపోతే, అదే సొమ్ముకు బల్లమీది కంప్యూటరు మేలు. మావాడు హాస్టలులో వుంటాడు గనుక ఆ దారి మూసుకుపోయింది.

మన వేడి సంగతి మాత్రం ప్రత్యేకించి చెప్పాలి. రెంటచింతలలో, ఆ చుట్టుపట్ల మే నెల ఎట్లా వుంటుందో మీరెరుగుదురు. లోపలి భాగాలు 95, 100 డిగ్రీల దగ్గరకు రాగానే యంత్రం తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటుంది. గదిలోనే 40 డిగ్రీలున్నప్పుడు ఆ హద్దు ఎంతో దూరంలో వుండదు. కాబట్టి రెండు ఫాన్లు, వెనుకనూ పక్కలనూ బారైన గాలిదారులు వున్న బరువైన పెట్టెనే ఏరుకోవాలి. మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఆడితే కిందనుండి పీల్చే గాలి ఆగిపోతుంది. వెనుక అంచు కింద రెండు చెక్కముక్కలు పెడితే మంచిది. మిరప కోతల కాలంలో ధూళి, పత్తి తీతల కాలంలో సన్నని నూగు, ఇవి రెండూ ఆ ఫాన్ల వెనుక రేకుల్లో చేరి దుప్పటిలా అల్లుకొంటవి. ఏటా ఒకసారైనా విప్పించి తుడిపించాలి. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఈ యంత్రాలు సగం బలంతోనే ఆడుతవి. దానికి దుకాణంవారితో తగవు పెట్టుకోనక్కరలేదు, అది వాటి స్వభావం.

చివరకు మేము కొన్నది 6 జీబీ 4050 కార్డు, 8 జీబీ ర్యామ్ పలక ఒకటి, పక్కనే ఖాళీ గాడి వున్న యంత్రం. దానికన్న పలుచనిది, అందమైనది, 16 జీబీ ర్యామ్ వున్నది ఒకటి అదే ధరకు పక్కన వుండెను. కాని దాని కార్డు 4 జీబీది, ర్యామ్ బోర్డుకు అతికించినది. కుర్రవాడి కన్ను దానిమీద చాలాసేపు నిలిచింది. బావగారు దాన్ని చేత్తో ఎత్తి చూచి, ఏమీ అనకుండా మళ్ళీ బల్లమీద పెట్టారు.

ఒక పొరపాటు నాదే వున్నది, దాచను. రెండవ ర్యామ్ పలకను పత్తి అమ్మిన తరువాత కొందాము, తొందరేమున్నదని నేనే సలహా చెప్పాను. ఆ సంవత్సరం చివర, కృత్రిమమేధ యంత్రశాలలకు మెమరీ తరలిపోవడంతో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగినవి. వేసవిలో సులభంగా కొనగలిగిన పలక కార్తీకం దాటేసరికి చేతికందకుండా పోయింది. మావాడు సణగలేదు. 4కె పూతలు తీసి 2కె వేసుకొన్నాడు, మైన్‌క్రాఫ్ట్‌కు చిన్న మూట ఏరుకొన్నాడు, ఆడేటప్పుడు బ్రౌజరు మూసివేస్తున్నాడు. లారీ ఆట మాత్రం బాగా నడుస్తున్నదట. గాడి ఖాళీగానే వున్నది.