డీజిల్ వ్యాను: చిన్న ఖర్చు, పెద్ద ఖర్చు



మార్కెట్‌కు కూరగాయలు చేర్చేది, ఊరూరా పాల క్యాన్లు ఎత్తుకొచ్చేది, పెళ్లికి షామియానా సామాను మోసేది, ఇవన్నీ చాలావరకు చిన్న డీజిల్ వ్యాన్లే. 2005లో రెండు సిలిండర్లు, 702 సీసీ ఇంజనుతో టాటా ఏస్ వచ్చాక ఇలాంటి బండ్లు పల్లె సందుల్లోకి కూడా వచ్చేశాయి. ఎన్నో కుటుంబాలు వీటి కిరాయి మీదే బతుకుతున్నాయి. బండి రెండు రోజులు షెడ్డులో నిలిచిందంటే రిపేరు ఖర్చుతో పాటు ఆ రెండు రోజుల కిరాయీ పోతుంది. ఫైనాన్సు వాయిదా మాత్రం ఆగదు. అందుకే బండి రిపేర్ల సంగతులు డ్రైవరుతో పాటు ఇంట్లో లెక్కలు చూసుకునే ఇల్లాలికీ తెలియాలని నా కోరిక.

ముందు ఇంజను పనిచేసే తీరు చూద్దాం. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించడానికి స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనులో అది ఉండదు. పిస్టన్ పైకి లేచి గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు కుదిస్తుంది. అంతగా నొక్కుకుపోయిన గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిల్‌ను సన్నటి తుంపరగా చల్లితే దానంతటదే అంటుకుంటుంది. గాలి బయటికి పోకుండా బిగువుగా ఉండాలి, డీజిల్ శుభ్రంగా ఉండాలి, తుంపర సన్నగా పడాలి. వీటిలో ఏది తప్పినా బండి మొరాయిస్తుంది, పికప్ పడిపోతుంది, లేదా పొగ కక్కుతుంది.

ఆ తుంపర చల్లేది ఇంజెక్టరు. ఇప్పటి కామన్ రైలు ఇంజన్లలో దాని వెనక ఒత్తిడి 1,600 బార్ల దాకా, కొన్నింటిలో అంతకు మించి కూడా ఉంటుంది. వ్యాను టైరులో గాలి ఒత్తిడికి ఇది కొన్ని వందల రెట్లు. ఇంజెక్టరు కొన రంధ్రాలు కంటికి ఆనవు. పైగా పంపుకూ ఇంజెక్టరుకూ కందెన కూడా ఆ డీజిలే. అందులో నీళ్లు కలిస్తే లోపలి లోహం తుప్పు పట్టి గీతలు పడుతుంది. మన కోస్తా ఉక్కబోతలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపల రాత్రిపూట తేమ నీరుగా మారుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది. దాన్ని ఆపడానికే డీజిల్ ఫిల్టరు, దాని కింద నీళ్లు వదిలేసే మర. ఫిల్టరు ఖరీదు కొన్ని వందల రూపాయలు. ఇంజెక్టరు ఒక్కొక్కటీ వేలల్లో ఉంటుంది. ఉన్న ఇంజెక్టర్లన్నీ పోయి, పంపు కూడా పోతే బిల్లు లక్షకు చేరువయ్యే బండ్లున్నాయి. వానాకాలంలో సాయంత్రమే ట్యాంకు నింపుకోవడం, నీళ్ల లైటు వెలిగిన రోజే మర విప్పి వదిలేయడం, ఇంతే చేయాల్సింది.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఇంజను తిరుగుతుండగా డీజిల్ ఎక్కడ కారుతోందో వేలు పెట్టి వెతకవద్దు. ఆ ఒత్తిడికి సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఎక్కువ ఉండకపోవచ్చు. లోపల మాత్రం కండ కుళ్లిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ ఒంట్లోకి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి.

ఇక వేడి. ఎండాకాలం నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు రేడియేటరే ఇంజనును కాపాడుతుంది. చాలామంది అందులో బోరు నీళ్లు పోస్తారు. ఆ నీళ్లలోని సున్నం సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది, వేడి బయటికి పోదు. దానికి బదులు పోసే కూలెంటు ద్రవం ఆ పొరను రానివ్వదు, తుప్పునూ ఆపుతుంది. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటినా బండి నడిపితే సిలిండర్ హెడ్డు వంగిపోతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది, నీళ్లు ఇంజనాయిల్లోకి దిగుతాయి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. అప్పుడు ఇక బండి స్టార్ట్ చేయకూడదు. ఇంజను విప్పి బోరు పని చేయించాలంటే చిన్న బండికైనా పదుల వేలు పెట్టాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం ఎవరూ తిప్పొద్దు. ఒత్తిడిలో మరుగుతున్న నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి.

పొగ రంగు చూసి సగం జబ్బు పోల్చుకోవచ్చు. నల్లపొగ అంటే డీజిల్ పూర్తిగా కాలడం లేదు. ముందు ఎయిర్ ఫిల్టరు, తర్వాత టర్బో గొట్టాలు చూపించండి, ఇంజెక్టర్ల సంగతి ఆ తర్వాతే. నీలం పొగ అంటే ఇంజనాయిలు మండుతోంది. రింగులో, వాల్వు సీళ్లో, టర్బోనో అరిగాయి. తెల్లపొగ చలి ఉదయాన కాసేపు వచ్చి పోతే భయం లేదు. ఇంజను వేడెక్కాక కూడా వస్తూ, కూలెంటు తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడాలి. ఏ రంగైనా ఆ పొగ పీల్చేవాళ్లకు హానే. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది. పొద్దున్నే మూసిన షెడ్డులో ఇంజను నడవనిస్తూ, పక్కన పిల్లలను ఆడనివ్వకండి.

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బండ్ల పొగపై బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచి చాలా డీజిల్ వ్యాన్లలో పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే వడపోత ఉంటోంది. అది నిండగానే లోపలి మసిని దాదాపు 600 డిగ్రీల వేడితో అదే కాల్చేసుకుంటుంది. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కొంత దూరం పరుగెత్తాలి. వీధి వీధికీ ఆగుతూ వాటర్ క్యాన్లు దించే బండికి ఆ అవకాశమే రాదు. డీపీఎఫ్ లైటు వెలిగితే హైవే మీద ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడిపిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. లైటు పట్టించుకోకపోతే ముందు పికప్ పోతుంది, తర్వాత వర్క్‌షాపులో కంప్యూటరు పెట్టి కాల్చించాలి. అదీ కుదరకపోతే కొత్తది, అది చాలా ఖరీదు. ఎవరో చెప్పారని డీపీఎఫ్ పీకించేయడం చట్టవిరుద్ధం, మన వీధి పిల్లల ఊపిరితిత్తులకు చేటు. బీఎస్-6 బండికి కంపెనీ పుస్తకంలో రాసిన ఆయిలే పోయండి. బూడిద ఎక్కువ మిగిల్చే మామూలు ఆయిలు ఆ వడపోతను త్వరగా మూసేస్తుంది.

కొన్ని బండ్లకు పొగను శుభ్రం చేసే డెఫ్ ద్రవం కూడా కావాలి. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. పొలానికి తెచ్చిన యూరియాను బకెట్లో కలిపి పోద్దామనే ఆలోచన వద్దు. మన దేశంలో పొలం యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. పూత, మలినాలు కలిసి పంపునూ నాజిల్‌నూ పాడుచేస్తాయి.

లోడు గురించి ఒక్క మాట. ఆర్సీలో రాసిన బరువుకు మించి వేస్తే కమాను పట్టీలు విరుగుతాయి, చక్రాల బేరింగులు పోతాయి, క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది. అన్నిటికన్నా మించి, దిగుడులో బ్రేకులు వేడెక్కి పట్టవు.

షెడ్డుకు వెళ్లినప్పుడు అడగడానికి మొహమాటపడవద్దు. ఏమి పోయింది, ఎందుకు పోయింది, సామాను ఎంత, కూలి ఎంత అని విప్పకముందే అడగండి. మార్చిన పాత సామాను చూపించమనండి. కారణం తేలకుండా ఇంజెక్టర్లు మార్చేస్తే, ట్యాంకులో మిగిలిన నీళ్లు కొత్త వాటినీ తినేస్తాయి. ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో ఒక నోటుబుక్కులో రాసి బండిలోనే పెట్టండి. వేరే ఊళ్లో బండి ఆగిపోతే అక్కడి మెకానిక్ ముందుగా అడిగేది ఆ లెక్కలే.