లినక్సు యంత్రములో మన పిల్లల పేర్లు
(బీదరు పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గత సంవత్సరము మార్కుల పత్రములు పంచిననాడు ఒక తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యా, మా అమ్మాయి పేరులో గుడి యేమైనది?" అని యడిగినారు. "లక్ష్మి" అని యుండవలసిన చోట "లక్ష్మ" అని యుండి, ప్రక్కన నొక ప్రశ్నార్థకపు గుర్తు కనబడెను. రాము, గీత సురక్షితముగ నున్నారు. వేంకటేశ్వర్లు మాత్రము "వేంకటే" యై నిలిచినాడు. పిల్లలు నవ్విరి, మాకు నవ్వు రాలేదు. తెలుగు పేరును తెలుగులో వ్రాయుటకే గదా ఈ పాఠశాలను నడుపుకొనుచున్నాము!

మా కంప్యూటరు గదిలోని యంత్రములు లినక్సుతో నడచును. చేయవలసిన పనులను ఆజ్ఞలుగా వరుసన వ్రాసి ఒక ఫైలులో నుంచినచో దానిని స్క్రిప్టు అందురు. మార్కుల పత్రములను తయారుచేయు స్క్రిప్టును మేమే వ్రాసితిమి. పేరునకు 20 అక్షరములు చాలునని అందులో హద్దు పెట్టితిమి. పగలు మా బల్లయొద్ద నడిపి చూడగా పేర్లన్నియు సరిగనే వచ్చినవి. రాత్రివేళ తనంత తాను నడచునట్లు క్రాన్ అను ఏర్పాటునకు అప్పగించితిమి. పేర్లు తెగినది అప్పుడే.

కారణమును వెదకుటకు రెండు దినములు పట్టినది. ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించిన 1991వ సంవత్సరముననే యూనికోడ్ మొదటి కూర్పు వచ్చి, తెలుగునకు 128 స్థానముల పేట నిచ్చినది. దానిని ఆనుకొనియున్న పేట కన్నడమునది. బీదరులో నివసించు మనకు ఇది వింత గాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు 1 బైటు చాలును. తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి 3 కావలెను. "లక్ష్మి" కంటికి రెండక్షరములే. యంత్రమునకు మాత్రము ఒత్తులు, గుడి, పొల్లులతో కలిసి 7 గుర్తులు, అనగా 21 బైటులు. ఆ యిరువదియొకటవ బైటుతోనే గుడి పూర్తియగును!

యంత్రము ఏ భాషారీతిని లెక్కింపవలెనో తెలుపు అమరికకు లోకేల్ అని పేరు. మా బల్లయొద్ద అది తెలుగు. కనుక షెల్ గుర్తులను లెక్కించినది. మా క్రాన్‌కు ఆ అమరిక అందలేదు. అది "సి" అను పాత లోకేల్‌తో బైటులను లెక్కించి, 20వ దానియొద్ద కోసినది. కన్నడ, మరాఠీ పేర్లకును ఇదే గతి పట్టును. ఉర్దూ అక్షరమునకు సాధారణముగ 2 బైటులే గనుక కొంత నయము.

స్క్రిప్టు మొదటనే "ఎక్స్‌పోర్ట్ ఎల్‌సీ_ఆల్=టీఈ_ఐఎన్.యూటీఎఫ్-8" అను పంక్తిని చేర్చితిమి. ఆ లోకేల్ యంత్రములో స్థాపింపబడి యుండవలెను. "లోకేల్ -ఏ" అను ఆజ్ఞ ఉన్నవాని పట్టిక చూపును. లేనిచో షెల్ ఒక హెచ్చరికను వ్రాసి, "సి"తోనే పని సాగించును. అర్ధరాత్రి దానిని చదువువా రెవరు? ఇప్పుడు "ఎన్వ్ -ఐ"తో మా అమరికలన్నియు తొలగించి, పగలే పరీక్షించుచున్నాము. ఇంటిపేరుతో కలిసిన పెద్ద పేర్లకు చాలదు గనుక 20 అను హద్దును కూడ తీసివేసితిమి. ఈ మార్పులన్నియు తేదీలతో ఒక పుస్తకమున వ్రాసి గదిలో నుంచినాము. మా తరువాత వచ్చువారు మరల రెండు దినములు వెదకనక్కరలేదు.

ఈ సంవత్సరపు పేర్ల పట్టికను కంప్యూటరు గది తలుపునకు అంటించితిమి. ఇండ్లకు వెళ్లుటకు ముందు మీ పిల్లల పేర్లను గుడులతో, ఒత్తులతో సహా సరిచూచి, తప్పున్నచో ఎఱ్ఱ సిరాతో గుర్తు పెట్టి పొండు.