గిటారుకి పెట్టె కొందామా, మోడలర్ కొందామా?
(స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)



నాకు అప్పజెప్పిన పని చిన్నదే. బడిలో మనం కట్టిస్తున్న సంగీతం గదికి రెండు ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చేశాయి. మా బ్యాచ్‌లో ఒకావిడ బెంగుళూరు నుంచి పంపించింది. వాటిని దేనికి తగిలించాలి అన్న దగ్గర మన వాట్సాప్ గ్రూపులో నెల రోజులు తగువు నడిచింది. ఒక వర్గం "యాంప్లిఫయర్ పెట్టె, దానికి నాలుగు పెడళ్ళు కొనండి, అదే అసలైన పద్ధతి" అంది. ఇంకో వర్గం "ఆ కాలం పోయింది, ఒక్క మోడలర్ కొంటే వంద యాంప్లిఫయర్లు అందులోనే ఉంటాయి" అంది. మధ్యలో గుడ్ మార్నింగ్ పూలు పంపేవాళ్ళు పంపుతూనే ఉన్నారు. చివరికి కమిటీవాళ్ళు "నువ్వు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరువి, పైగా ఒకప్పుడు తీర్థాల్లో ఆర్కెస్ట్రాకి వాయించావు, నువ్వే తేల్చు" అని నా నెత్తిన పెట్టారు. ఉన్న డబ్బు ఒక్కదానికే వస్తుంది. కాబట్టి రెండూ మంచివేనని చెప్పి దిగిపోయే వీలు నాకు లేదు.

గిటారు సంగతి తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు మాటలు. ఎలక్ట్రిక్ గిటారు విడిగా పట్టుకుని మీటితే పక్క బెంచీ మీద కూర్చున్నవాడికి కూడా సరిగ్గా వినపడదు. తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక మందాన రాగితీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. తీగ కదిలితే అందులో చిన్న విద్యుత్తు పుడుతుంది. మిగతా పనంతా పెట్టెది. అంటే వాద్యంలో సగం వాయించేవాడి చేతిలో ఉంటే, సగం నేలమీద ఉంటుంది.

దీనికి సాక్ష్యం ఎక్కడో వెతకక్కర్లేదు. దిండి దగ్గర వశిష్ఠ దాటి చించినాడ మీదుగా వెళితే పాలకొల్లు. మాండలిన్ శ్రీనివాస్ గారు 1969లో పుట్టిన ఊరు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన స్వరం మీటినంతసేపే, వెంటనే చచ్చిపోతుంది. మన సంగీతంలో గమకం పలకాలంటే స్వరం కాసేపు నిలబడాలి కదండీ. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసినప్పుడు ఆయనకి తొమ్మిదేళ్ళు. ఈ వాద్యం మీద కర్ణాటక సంగీతమేమిటని మొహం చిట్లించినవాళ్ళే తరవాత ముందు వరసలో కూర్చున్నారు. 45 ఏళ్ళకే, 2014లో వెళ్ళిపోయారు. ఆయన వేళ్ళ గొప్పతనాన్ని కరెంటుకి అంటగట్టడం లేదు నేను. ఆ వేళ్ళు చేసింది మన చెవిదాకా రావడానికి కరెంటు కావలసి వచ్చిందంటున్నాను, అంతే.

ఇక నా సంగతి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఊరి మైకుసెట్టాయన దగ్గర పాత వాల్వు యాంప్లిఫయర్ ఒకటి ఉండేది. వెనక రేకు తీస్తే గాజు బుడ్లు ఎర్రగా వెలిగేవి. మా బాబాయి గిటారు తెచ్చి దానికి తగిలించి, వాల్యూము చివరిదాకా తిప్పేశాను. గిటారు గొంతు జీరబోయినట్టు, ఏడుపుకీ అరుపుకీ మధ్య ఏదో వచ్చింది. ఆయన పరిగెత్తుకొచ్చి నా చెవి మెలేశాడు. ఆ జీర ఎలా వచ్చిందో తెలుసుకోవాలన్న పట్టుదలే నన్ను కాకినాడ దాకా తీసికెళ్ళి ఇంజనీరింగు చదివించింది.

ఆ జీరకి కారణం ఇది. శబ్దం కెరటంలా పైకీ కిందికీ ఊగుతుంది. యాంప్లిఫయర్ తన శక్తికి మించి పెంచబోతే కెరటం నెత్తి తెగుతుంది. మామూలు ట్రాన్సిస్టరు దగ్గర ఆ నెత్తి బొండం కొట్టినట్టు ఒక్క వేటుకి తెగిపడుతుంది. వాల్వు దగ్గర మెల్లగా అణిగి గుండ్రంగా అవుతుంది. అందుకే ఆ చెడిపోవడం కూడా చెవికి ఇంపుగా ఉంటుంది. దాని తరవాత స్పీకరు. గిటారు పెట్టెల్లో ఉండే 12 అంగుళాల స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన పదునును పలకలేదు. ఆ చేతకానితనమే మనకి తియ్యదనం. ఇక పెడళ్ళంటే గిటారుకీ పెట్టెకీ మధ్య కాలితో నొక్కే రేకు డబ్బాలు. ఒకటి జీర తెస్తుంది, ఒకటి ప్రతిధ్వని ఇస్తుంది. ఒక్కో డబ్బాకి ఒక్కో పని.

మోడలర్ ఇదంతా లెక్కలతో చేస్తుంది. గిటారు నుంచి వచ్చే కెరటాన్ని సెకనుకి 48 వేలసార్లో, అంతకంటే ఎక్కువసార్లో కొలిచి అంకెలుగా మార్చి, ఫలానా వాల్వు ఫలానా స్పీకరు అయితే ఏం చేసుండేవో లెక్కకట్టి బయటికి పంపుతుంది. 1998లో లైన్ 6 వాళ్ళ పాడ్ వచ్చినప్పుడు చాలామంది నవ్వారు. 2011లో కెంపర్ వాళ్ళది వచ్చాక నవ్వు ఆగింది. మీ యాంప్లిఫయర్ ముందు మైకు పెడితే దాని గుణమంతా పట్టి తనలో దాచుకునే యంత్రమది. ఇప్పుడు న్యూరల్ ఆంప్ మోడలర్ అని అదే పని చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతోంది.

ముప్ఫై ఏళ్ళుగా నా ఇంట్లో అన్నం ఉడికింది ఈ రకం లెక్కల మీదే. అందుకే మోడలర్ వర్గం వారు నేను వాళ్ళ పక్షమేనని ధీమాగా ఉన్నారు. ఒక విషయంలో వారిదే గెలుపు. కళ్ళు మూసుకుని వింటే, పాటలో మిగతా వాద్యాలు కూడా ఉంటే, ఏది వాల్వో ఏది లెక్కో నేను చెప్పలేను. ఆలస్యం ఉంటుందనేవాళ్ళకి కూడా జవాబుంది. లెక్కకి పట్టే మూడు మిల్లీ సెకన్లలో శబ్దం గాలిలో మీటరు ప్రయాణిస్తుంది. పెట్టెకి ఒక అడుగు దూరం నిలబడేవాడు నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డట్టు, అంతే తేడా.

తీర్థాలకీ చర్చిలకీ పెళ్ళిళ్ళకీ వాయించే మన కుర్రాళ్ళు మోడలర్ పట్టుకుపోవడంలో తప్పేమీ లేదు. 30 కిలోల వాల్వు పెట్టెకి ఆటో కావాలి, మోడలర్ బండి మీద ముందు పెట్టుకుని పోవచ్చు. సౌండు ఆపరేటరు కూడా సంతోషిస్తాడు, స్టేజి మీద మోత ఉండదు కాబట్టి.

అయితే దాంతో నాకు జరిగిన పరువునష్టం కూడా చెప్పాలి. కొన్నేళ్ళ కిందట సంక్రాంతికి ఊళ్ళో ప్రోగ్రాం అంటే నా మోడలర్ తెచ్చాను. ఇంట్లో దాన్ని గిటారు పెట్టెకి తగిలించి సాధన చేసేవాణ్ణి కనక అందులో స్పీకరు లెక్క ఆపేసి ఉంది. అసలు స్పీకరు ఉండగా ఇంకో స్పీకరు లెక్క ఎందుకని. ఆ సంగతి మరిచిపోయి నేరుగా మిక్సరుకి తగిలించాను. పెద్ద సౌండుబాక్సుల్లో ట్వీటర్లుంటాయి, అవి ఆ పదునంతా దాచకుండా పలికేశాయి. మైకుసెట్ నడిపే మా బ్యాచ్‌వాడు అక్కణ్ణించే అరిచాడు, "ఏరా, గిటారులో కందిరీగలు దూరాయా?" అని. ఎండలో ఆ చిన్న తెర కనపడదు. మెనూలో మెనూ, దాని లోపల ఇంకో మెనూ. రెండు పాటలు అలాగే పోయాయి. నేను, ఈ రంగంలో ముప్ఫై ఏళ్ళ ఇంజనీరుని. మన ఎనిమిదో తరగతి పిల్లవాడి సంగతి ఆలోచించండి.

ఇంకో కథ. 1996 నవంబరు 6 రాత్రి సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. ఆ తుపానులో మా ఇంటి పైకప్పు సగం పోయింది. నా ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్ పెట్టె రెండు రోజులు నీళ్ళలో నానింది. వారం ఎండబెట్టాం. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే అమలాపురంలో పంపుసెట్టు మోటార్లు చుట్టే షాపాయన చుట్టి ఇచ్చాడు. రెండు కెపాసిటర్లు, స్పీకరు కోను మార్చాం. ఈ ఉదయం కూడా దాంట్లో వాయించే వచ్చాను. ఆ తరవాత చాలా ఏళ్ళకి నేను కొన్న మొదటి మోడలర్ ఉంది, పేరు చెప్పను. ఏ తుపానూ రాకుండానే ఐదో ఏట తెర ఆరిపోయింది. ఆ తెర తయారీ ఆపేశామన్నారు. దాన్ని కంప్యూటరుకి కలిపే సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్లలో పనిచెయ్యదన్నారు. నా అలమరలో ఇప్పుడది కాగితాలు ఎగరకుండా బరువుకి పనికొస్తోంది. ఉప్పుగాలి, తేమ, ఎప్పుడు ఎంత వస్తుందో తెలియని వోల్టేజీ, వీటి మధ్య బతికే వస్తువు మనకి కావాలి. చెడిపోతే ఈ తాలూకాలోనే బాగుపడాలి.

"అయితే వాల్వు పెట్టే కొనేద్దాం" అని ఉత్సాహపడకండి. అది బడిలో పెట్టే వస్తువే కాదు. లోపల 300, 400 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో ఆ కరెంటు నిలవుండి కొడుతుంది. స్క్రూడ్రైవరు పట్టుకున్న పిల్లవాడి దగ్గర దాన్ని పెట్టి ఇంటికెళ్ళి నిద్రపోలేను. వాల్వులు అరిగిపోతాయి కూడా, మార్చాలంటే మళ్ళీ చందాలు.

నాకు అసలు కారణం వేరే ఉందండి. మన రోజుల్లో ఈ బడికి ఒక హార్మోనియం ఉండేది, గుర్తుందా? హెడ్మాస్టారి గదిలో బీరువాలో. ఆగస్టు పదిహేనుకీ జనవరి ఇరవయ్యారుకీ బయటికి తీసి, దులిపి, ప్రార్థన అయ్యాక మళ్ళీ తాళం. "ఖరీదైన వస్తువు, పాడు చేస్తారు" అనేవారు. పదేళ్ళలో మనలో ఒక్కడి వేలు కూడా దాని మీద పడలేదు. మేం పదో తరగతి పాసై వెళ్ళిన ఏడాది తీసి చూస్తే తిత్తుల్ని ఎలకలు కొరికేశాయట. గురువులు ఏమీ అనుకోకండి, ఆ రోజుల్లో ఒక వస్తువు పోతే ఇంకోటి రావడం ఎంత కష్టమో ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఖరీదైన మోడలర్ కొనిస్తే దానికీ ఆ బీరువాలోనే చోటు దొరుకుతుందని నా భయం.

పెట్టె మీద ఆరు బుడిపెలుంటాయి. ఒకటి తిప్పితే మోత పెరుగుతుంది, ఒకటి తిప్పితే బొంగురు తగ్గుతుంది. పెడల్ నొక్కితే జీర వస్తుంది, మళ్ళీ నొక్కితే పోతుంది. నేర్పేవాడు లేకపోయినా ఏది తిప్పితే ఏమైందో పిల్లవాడికి పావుగంటలో చెవే చెప్పేస్తుంది. వంద యాంప్లిఫయర్లున్న మోడలర్ ఇస్తే వాడు వందా మార్చి చూస్తూ కూర్చుంటాడు. మా మేనల్లుడు అలాగే చేస్తాడు, గిటారు వాయించేది తక్కువ. వాడితో నాకు ఈ విషయంలో రోజూ వాదనే, "మావయ్యా, నీకు మెనూ రాక అలా అంటున్నావు" అంటాడు. కొంత నిజమే.

కాబట్టి నా తీర్పు. 12 అంగుళాల స్పీకరున్న ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్ ఒకటి, 40 వాట్ల చిల్లర. హాలుకి చాలదంటారేమో, గదికి అది ఎక్కువే, హాల్లో అయితే ముందు మైకు పెట్టుకోవచ్చు. రెండే పెడళ్ళు, జీరది ఒకటి, ప్రతిధ్వనిది ఒకటి. వాటికి 9 వోల్టుల మంచి అడాప్టరు. చవక ఛార్జరు పెడితే గుయ్యిమంటుంది, ఆ గుయ్యి పెడల్‌ది అనుకుంటారు. మిగిలిన డబ్బుతో ముందు గదికి సరైన ఎర్తింగు, ఒక స్టెబిలైజరు. పాత బిల్డింగులో మూడో పిన్ను ఎక్కడికీ పోదని నిన్న టెస్టరు పెట్టి చూశాను. గిటారు తీగలు పట్టుకున్న పిల్లవాడు ఇనప మైకుకి మూతి ఆనిస్తాడు, ఎర్తు లేకపోతే ఏం జరుగుతుందో సైన్సు మాస్టారికి నేను చెప్పక్కర్లేదు. ఇది చెయ్యకుండా గిటారు తగిలించడానికి నేను ఒప్పుకోను, కమిటీవారు కోపగించుకున్నా సరే.

స్టూడియోకి వెళ్ళాలనుకునే పిల్లలకి మోడలర్ తెలియాలి కదా అని మా బెంగుళూరు ఆవిడ అడిగింది. తెలియాలి. సెలవులకి వచ్చినప్పుడల్లా నాది తెస్తాను, రోజంతా వాళ్ళ దగ్గరే ఉంచుతాను. మైకుసెట్ బ్యాచ్‌వాడు తన సోల్డరింగు ఇనుము ఒకటి ఆ గదిలో పెడతానని మాటిచ్చాడు. ఇందాక చాయ్ దగ్గర ఇచ్చిన మాట, మైకులో చెప్పేశాను కనక ఇక వెనక్కి పోలేడు.

ఆ గది తాళాలు రెండు చేయించాను. ఒకటి హెడ్మాస్టారి దగ్గర ఉంటుంది. రెండోది తొమ్మిదో తరగతి లీడరుకి ఇవ్వాలని నా మనవి. ఆ అమ్మాయి ఇక్కడే ఉంది, మూడో వరసలో. ఏమ్మా, ఒకసారి ఇలా రా.