మన కాళ్ల కింద పాత పగులు: బూర్గంపాడు నుంచి భూకంపాల కథ

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, బూర్గంపాడు దగ్గర గోదావరి ఒడ్డున చేస్తున్నాం. మధ్యమధ్యలో గాలి హోరు వినిపిస్తుంది, కాస్త సర్దుకోండి.

2024 డిసెంబర్ 4, బుధవారం, ఉదయం 7 గంటల 27 నిమిషాలు. గుర్తొచ్చిందా? ములుగు జిల్లా అడవుల్లో 5.3 తీవ్రతతో భూమి కదిలింది. ఖమ్మం, కొత్తగూడెం, వరంగల్ సరే, హైదరాబాద్, విజయవాడల్లో కూడా ఫ్యాన్లు ఊగాయి. ఆ రోజు అందరూ అన్న మాట ఒకటే: "మన దగ్గర భూకంపం ఏంటి? ఎప్పుడూ రాలేదు కదా!"

వచ్చింది. అదీ ఇంతకంటే పెద్దది. 1969 ఏప్రిల్ 13, ఆదివారం రాత్రి, ఇదిగో ఈ భద్రాచలం ప్రాంతంలోనే, 5.7 తీవ్రతతో. అంకెల్లో తేడా 0.4 మాత్రమే కదా అనుకోకండి. తీవ్రత ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన 0.4 అంటే దాదాపు నాలుగు రెట్లు.

సరే, ఇక్కడే ఎందుకు? మన దగ్గర ప్లేట్ల సరిహద్దు లేదు. భారత ప్లేటు ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు, అంటే మన గోళ్లు పెరిగే వేగానికి కాస్త ఎక్కువగా, ఉత్తరం వైపు జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ గుద్దులాటే హిమాలయం. కానీ ఆ ఒత్తిడి అక్కడితో ఆగదు, వెనకున్న ప్లేటు మొత్తానికీ పాకుతుంది. కొబ్బరిచిప్పను గట్టిగా నొక్కితే ఎక్కడ పగులుతుంది? అప్పటికే గీత పడ్డ చోట. మన గీత గోదావరి లోయ.

సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట భారతదేశం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా అన్నీ ఒకే ఖండం. అప్పట్లో ఇక్కడి నేల సాగి, పగిలి, రెండు పగుళ్ల మధ్య ఒక పొడవాటి పట్టీ కిందికి కుంగింది. ఇటు ధార్వాడ్, అటు బస్తర్, రెండూ గట్టి పాత రాతి దిమ్మెలు. మధ్యలో కుంగిన పల్లం. ప్రాణహిత కలిశాక గోదావరి ఆగ్నేయంగా తిరిగి మన దాకా వచ్చేది ఆ పల్లంలోనే. అందులో ఇసుక, బురద, చెట్లు పొరలు పొరలుగా కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. ఇసుక ఇసుకరాయి అయింది. చెట్లు ఏమయ్యాయి? మణుగూరు, కొత్తగూడెం, ఇల్లందు గనుల్లో తవ్వుతున్న బొగ్గు అదే. అంటే సింగరేణికి బొగ్గిచ్చిన పగులే, అప్పుడప్పుడు మనల్ని కుదిపే పగులు కూడా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, నాకు ఇష్టమైన సంగతి ఇది. ఆ పాత మహాఖండం పేరు గోండ్వానా. ప్రపంచంలో ఏ మూల భూగర్భశాస్త్రం క్లాసులో కూర్చున్నా ఈ పేరు వినాల్సిందే. ఎక్కడిదనుకున్నారు? గోండుల అడవి నుంచి వచ్చింది! 1870లలో మధ్య భారతంలోని రాళ్ల పొరలకు పెట్టిన పేరు, తర్వాత ఖండానికే పాకింది. ఇక్కడి కోయవాళ్లు గోండులకు దగ్గరి బంధువులే, వాళ్ల భాష గోండీకి చుట్టమే. అంటార్కిటికాలో దొరికిన గ్లోసోప్టెరిస్ ఆకు అచ్చులే మన బొగ్గు పొరల్లోనూ ఉన్నాయి. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవన్నదానికి గట్టి సాక్ష్యాల్లో ఆ ఆకు ఒకటి.

భద్రాచలం పక్కన గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీళ్లు వస్తాయి, చాలామంది చూసే ఉంటారు. "కింద అగ్నిపర్వతం ఉందా?" అని అడుగుతారు. లేదు. లోతుకు వెళ్లేకొద్దీ భూమి వేడెక్కుతుంది. పగుళ్లలోంచి లోపలికి దిగిన నీరు అక్కడ కాగి, మళ్లీ పగుళ్లలోంచే పైకి వస్తుంది. అంతే.

ఇప్పుడు అసలు భయం సంగతి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 వచ్చింది. అదీ ప్లేటు సరిహద్దుకు దూరమే, అదీ "ఇక్కడ రాదు" అనుకున్న ప్రాంతమే. దాదాపు పదివేల మంది చనిపోయారు. బండరాళ్లను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, పైన మట్టి కప్పు బరువు. నిద్రలో ఉన్నవాళ్ల మీద అదంతా పడింది.

ఇంకోవైపు, మన కోయగూడేల్లో వెదురు తడికల గోడకు మట్టి మెత్తిన ఇల్లు చూడండి. పేదిల్లు అంటాం. కానీ ఊగినప్పుడు వంగుతుంది, కూలినా బరువు తక్కువ. నిజం చెప్పాలంటే నాకు భయం ఆ ఇళ్ల గురించి కాదు, ప్లాన్ లేకుండా ఒకదాని మీద ఒకటి లేపుతున్న స్లాబుల గురించి. మన ప్రాంతం 2002 భూకంప మ్యాపులోనే మూడో జోన్, అంటే హైదరాబాద్ కంటే ఒక మెట్టు ఎక్కువ. మీ ఇంటి పని నడుస్తుంటే మేస్త్రీని రెండు విషయాలు అడగండి. కిటికీల పైన బెల్టు ఇంటి చుట్టూ తెగకుండా వేస్తున్నారా? పిల్లర్ రింగుల కొసలను లోపలికి, కాంక్రీటులోకి వంచుతున్నారా? కొసలు బయటి అంచునే ఉంటే, గట్టిగా ఊగినప్పుడు రింగు విప్పుకుంటుంది. ఖర్చు పెద్దగా పెరగదు, కొంచెం శ్రద్ధ కావాలి.

"ఫలానా తేదీన భూకంపం" అని వాట్సాప్‌లో వచ్చేవి డిలీట్ చేయండి. తేదీ, టైము, చోటు ముందే చెప్పగల పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. మరి ఫోన్‌లో అలర్ట్ ఎలా వస్తుంది? అది జోస్యం కాదు, పరుగు పందెం. భూమి కదలగానే ముందు పీ తరంగాలు సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. గట్టిగా ఊపే ఎస్ తరంగాలు సుమారు మూడున్నర కిలోమీటర్లతో వెనక వస్తాయి. స్క్రీన్ తిప్పితే ఫొటో తిరుగుతుంది చూశారా, ఆ సెన్సారే ముందొచ్చిన కుదుపునూ పట్టేస్తుంది. దగ్గరున్న బోలెడు ఫోన్లు ఒకేసారి కుదుపు చెప్తే, దూరంగా ఉన్నవాళ్లకు మెసేజ్ వెళ్తుంది. వంద కిలోమీటర్ల దూరంలో ఉంటే కొన్ని సెకన్లు దొరకొచ్చు, మధ్యలోనే ఉంటే ఏమీ దొరకదు. ఆండ్రాయిడ్‌లో ఇది 2023 నుంచి మన దేశంలో ఉంది. సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీకి వెళ్లి, ఎర్త్‌క్వేక్ అలర్ట్స్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆ కొన్ని సెకన్లలో మెట్ల మీద పరుగెత్తొద్దు. గట్టి బల్ల కింద దూరి తల కాపాడుకోండి. గుమ్మం పక్కనే ఉంటే బయటికి రండి, గోడకు, కరెంటు తీగలకు దూరంగా.

చివరిగా ఒక పని. మీ ఇంట్లోనో వీధిలోనో డెబ్బై దాటిన తాతయ్య, అమ్మమ్మ ఎవరైనా ఉంటే, 1969లో ఆ రాత్రి ఏం జరిగిందో అడగండి. గిన్నెలు ఎలా పడ్డాయి, పశువులు ఏం చేశాయి, ఎక్కడ పడుకున్నారు, వాళ్ల మాటల్లోనే రికార్డు చేసి మాకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో గోదావరి వెంటే రాజమండ్రి వెళ్దాం, కాతేరు దగ్గర నల్లరాయి చూడ్డానికి. అది ఆరు కోట్ల ఏళ్లు దాటిన లావా. అవును, మన గోదావరి ఒడ్డునే.