బహుమతి రాని ఫొటో గురించి నాలుగు మాటలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

లెక్కల మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి, ఇచ్చిన ఐదు నిమిషాలు దాటను.

ఈ ఉత్సవాలకు పూర్వ విద్యార్థుల మధ్య ‘మన ప్రాంతపు కట్టడాలు’ అని ఫొటోల పోటీ పెట్టారు. ఇంజనీరునని నన్నూ న్యాయనిర్ణేతల్లో కూర్చోబెట్టారు. మనలో ఫొటోలు తీయడం వృత్తిగా ఉన్నవాళ్లు లేరు. అయినా ఖమ్మం ఖిల్లా, నేలకొండపల్లి బౌద్ధ స్తూపం, భద్రాద్రి గోపురం, గోదావరి వంతెన అన్నీ చక్కగా వచ్చాయి.

మొదటి బహుమతి కూసుమంచి గణపేశ్వరాలయం ఫొటోకి ఇచ్చాం. కాకతీయుల నాటి ఆ రాతి గోడ మీద పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి, రాయికీ రాయికీ మధ్య అతుకు కూడా కనిపిస్తోంది. దగ్గర నిలబడి కెమెరా పైకెత్తితే కట్టడం వెనక్కి వాలినట్టు వస్తుంది. ఈ తమ్ముడు దూరం జరిగి, కెమెరా నిటారుగా పట్టుకుని తీశాడు. వంక పెట్టడానికి లేదు.

తర్వాత నిర్వాహకులు, “మార్కులు పక్కన పెట్టి, మీకు నచ్చింది ఒకటి చెప్పండి” అన్నారు. నేను చూపించింది మార్కుల్లో పదకొండోది.

అది కూనవరం వైపు ఒక కోయ ఇల్లు. ఆ ఊళ్లలో ఏఎన్‌ఎంగా తిరిగే మన చెల్లెమ్మ ఫోన్‌తో తీసింది. గీతలన్నీ వాలిపోయాయి. ఓ మూల వేలు అడ్డం వచ్చింది. వెదురు తడికకు మట్టి మెత్తిన గోడ, బాగా కిందికి దిగిన గడ్డి కప్పు, పేడతో అలికిన అరుగు. అరుగు మీద ఇప్పపువ్వు ఆరుతోంది, పక్కనే ఓ పాప నిద్రపోతోంది. వాన మట్టి గోడను తాకకూడదనే చూరు అంత దించారు. కాలేజీలో నేను చదివి నేర్చుకున్న సంగతి, వాళ్లకు తాతల నాడే తెలుసు.

“ఇది గుడిసె కదా, కట్టడమా?” అన్నారు తోటి న్యాయనిర్ణేత. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను.

కూనవరం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది గానీ, మా రోజుల్లో అక్కడి పిల్లలు లేని తరగతి లేదు. పోలవరం పూర్తిగా నిండితే నీటి మట్టం 150 అడుగులు. ఈ ఇల్లు ఆ మట్టానికి దిగువన ఉంది. ఇరవై ఏళ్ల కిందట అలాంటి ఊళ్లలో ఇళ్లు కొలిచే పనికి నేనూ వెళ్లాను. పొడవు, వెడల్పు, మట్టి గోడ, గడ్డి కప్పు అని రాసుకుంటూ పోయేవాణ్ణి. ఒక ముసలమ్మ, “ఈ అరుగుకు ఎంత రాస్తున్నావు బిడ్డా?” అని అడిగింది. అరుగు గోడల బయట ఉంది, నేను కొలవలేదన్నాను. “మేం బతికేది అరుగు మీదే కదయ్యా” అంది. నాకు జవాబు తోచలేదు. టేపు చుట్టుకుని పక్కింటికి వెళ్లిపోయాను. ఆ రోజు నా భుజాన కెమెరా ఉంది. గోడల పగుళ్లు తీశాను, ఒక్క అరుగు తీయలేదు.

2010లో నెదర్లాండ్స్‌లో మొదలై ఇప్పుడు మన దేశంలోనూ జరిగే వికీ లవ్స్ మాన్యుమెంట్స్ అనే పోటీ ఉంది. అందులో వారసత్వ జాబితాల్లోని కట్టడాలను తీస్తారు. ఈ ఇంటికి అలాంటి జాబితాలో చోటు దొరకదు. దొరికేది ముంపు ఇళ్ల జాబితాలోనే.

కూసుమంచి గుడిని రేపైనా వెళ్లి ఇంకోసారి తీయొచ్చు. ఈ ఇంటి విషయంలో ఆ మాట అనలేను.

చెల్లెమ్మ ఫొటో వెనక ఊరి పేరు, ఇల్లు కట్టిన ఏడాది, గోడ మెత్తిన వాళ్ల పేర్లు రాసింది. మీ ఊరి పాత ఇళ్లను మీరూ తీయండి, ఆ వివరాలూ రాయండి. సంపాదకులకు ఒక్క మనవి: మన సంచికలో మొదటి బహుమతి ఫొటో పక్కనే దీన్నీ అదే సైజులో వేయండి. వేలు కత్తిరించకండి. సెలవు.