ఆకాశంలో రాకెట్లు, ఆసుపత్రిలో చన్నీళ్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు ఫోన్ చేసి "ఆరోగ్యం గురించి ఏదైనా మాట్లాడండి డాక్టరు గారూ" అన్నారు. షుగరు, బీపీ గురించి చెబుతాననుకుని ఉంటారు. అవి మీకు తెలిసినవే. పైగా మధ్యాహ్నం భోజనంలో బూరెలు వడ్డిస్తారని విన్నాను కాబట్టి ఆ జోలికి పోను. నేను వైద్యం చదువుకున్న దేశం ఇప్పుడు ప్రపంచ పటంలో లేదు. దాని గురించి మాట్లాడతాను. అదీ ఆరోగ్యం కథే.

మా తరానికి సోవియట్ యూనియన్ అంటే 'సోవియట్ భూమి' పత్రిక. ఆ నున్నటి కాగితాలతో నోటు పుస్తకాలకు అట్టలు వేసుకున్నవాళ్లు ఈ హాల్లో కనీసం యాభై మంది ఉంటారు. అట్ట మీద గగారిన్ నవ్వుతూ ఉండేవాడు, లోపల మన లెక్కలు తప్పుతూ ఉండేవి. విశాలాంధ్ర వాళ్లు అమ్మే రష్యన్ పిల్లల పుస్తకాలు అణాకానీ ధరలకు దొరికేవి. ఆ అట్టలు చూసే ఆశపడ్డానో ఏమో, 1981లో స్కాలర్‌షిప్ మీద అక్కడికి వెళ్లాను. ఒక ఏడాది భాష, ఆరేళ్లు వైద్యం. తిరిగి వచ్చింది 1988లో. ఆ ఏడేళ్లలో ముగ్గురు దేశాధినేతల అంత్యక్రియలు టీవీలో చూశాను.

ముందుగా ఆ దేశం సాధించినదాన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కథ అర్థం కాదు. 1918లో నికొలాయ్ సెమాష్కో అనే వైద్యుడు మొదటి ఆరోగ్య శాఖాధిపతి అయ్యాడు. అంతర్యుద్ధం, కరువు, టైఫస్ జ్వరాలు. అలాంటి రోజుల్లో, పల్లెలో ఫెల్డ్‌షర్ అనే వైద్య సహాయకుడు, పేటకో పాలీక్లినిక్, జిల్లాకో ఆసుపత్రి, అన్నీ ఉచితం అనే ఏర్పాటుకు పునాది వేశాడు. పందొమ్మిదో శతాబ్దం చివర రష్యాలో సగటు ఆయుర్దాయం ముప్పై రెండేళ్ల దగ్గర ఉండేది. 1960ల మధ్యకు సోవియట్ యూనియన్‌లో అది డెబ్బైకి చేరింది, అంటే దాదాపు అమెరికాతో సమానం. 1978లో ప్రపంచ దేశాలు చేరి ప్రాథమిక ఆరోగ్యం మీద ప్రకటన చేసింది కూడా సోవియట్ నగరమైన ఆల్మా-ఆటాలోనే. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల గురించి మాట్లాడేటప్పుడు ఇప్పటికీ ఆ ప్రకటన పేరు వస్తుంది.

మరి తర్వాత ఏమైంది?

డబ్బు పంచే పద్ధతిలోనే జబ్బు ఉంది. అక్కడి అధికారుల నోట ఒక మాట వినిపించేది, 'మిగులు సూత్రం' అని. రక్షణకు, భారీ పరిశ్రమలకు ఇవ్వవలసింది ముందు ఇచ్చేసి, మిగిలింది ఆసుపత్రులకు, బడులకు, ఇళ్లకు సర్దడం. మన ఇళ్లలో మగవాళ్లంతా తిన్నాక గిన్నె అడుగున మిగిలింది ఆడవాళ్లు తినేవారే, అలాంటిదన్నమాట. సైన్యానికి ఎంత పోయేదో బయటివాళ్లకు తెలియనిచ్చేవారు కాదు. ఏటా బడ్జెట్‌లో చూపే రక్షణ ఖర్చు 20 బిలియన్ రూబుళ్ల చుట్టుపక్కలే ఉండేది. 1989 మేలో గోర్బచేవ్ పార్లమెంటులో లేచి అసలు అంకె 77.3 బిలియన్లు అన్నాడు. అదీ పూర్తి లెక్క కాదన్నవాళ్లు ఉన్నారు. జాతీయోత్పత్తిలో 12 నుంచి 20 శాతం దాకా సైన్యానికే పోయిందని వేర్వేరు అంచనాలు. ఆరోగ్యానికి మూడు నాలుగు శాతానికి మించలేదు. 1986 నాటికి ఆ దేశం దగ్గర దాదాపు 40,000 అణ్వాయుధాలు ఉన్నాయి. అణుబాంబులు తయారుచేసే శాఖ పేరేమిటో తెలుసా? 'మధ్యస్థాయి యంత్ర నిర్మాణ మంత్రిత్వ శాఖ'. పేరు వింటే పిండిమరలు చేస్తారేమో అనిపిస్తుంది.

డబ్బు ఒక్కటే అయితే ఫర్వాలేదు. మంచి ఇంజనీరు, మంచి ఉక్కు, మంచి ప్లాస్టిక్, మంచి ఎలక్ట్రానిక్స్ అన్నీ ముందు అటే వెళ్లేవి. సిరంజి చేసే ఫ్యాక్టరీకి ఆఖరి వంతు. వైద్యుల కొరత అక్కడ లేదు. వెయ్యి మంది జనానికి నలుగురికి పైగా డాక్టర్లు, ప్రపంచంలోనే ఎక్కువ. వాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా ఆడవాళ్లు. కొత్తగా చేరిన డాక్టరమ్మ జీతం ఫ్యాక్టరీ కార్మికుడి జీతం కన్నా తక్కువ. నాకు పిల్లల వైద్యం నేర్పిన ప్రొఫెసరమ్మ ఆరడుగుల మనిషి, గొంతు ఉరుములా ఉండేది. స్టెతస్కోపుతో ఆమె పట్టిన జబ్బును మనం స్కానింగులో కూడా ఒక్కోసారి పట్టలేం. కానీ ఆమె రాసిన మందు కోసం పిల్లవాడి తండ్రి నాలుగు ఊళ్లు తిరగాలి. మా వార్డులో సిరంజిలు గాజువి. పొద్దున్నే నర్సులు వాటిని స్టీలు డబ్బాల్లో ఉడకబెట్టేవారు. అప్పట్లో మన దగ్గరా అంతే కాబట్టి నాకేమీ వింతగా తోచలేదు. వింత ఏమిటంటే, అదే ఏడాది ఆ దేశపు రోదసి కేంద్రంలో మనుషులు నెలల తరబడి ఉంటున్నారు.

1960ల మధ్య నుంచి అక్కడి మగవాళ్ల ఆయుర్దాయం పెరగడం ఆగిపోయి, తగ్గడం మొదలైంది. 66 ఏళ్ల దగ్గర ఉన్నది 1980 నాటికి 62కి దిగింది. యుద్ధం లేదు, కరువు లేదు. పరిశ్రమలున్న ఒక పెద్ద దేశంలో శాంతి కాలంలో ఇలా జరగడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. పసిపిల్లల మరణాలూ పెరిగాయి. 1971లో వెయ్యికి 22.9 ఉన్నది 1974లో 27.9 అయింది. మధ్య ఆసియాలో నమోదు మెరుగై కొంత పెరుగుదల కనిపించిందని కొందరు పరిశోధకులు అంటారు, అందులో నిజం ఉంది. కానీ ప్రభుత్వం ఏం చేసింది? కారణం వెతకలేదు. ఆ అంకెను అచ్చువేయడం మానేసింది. పదేళ్లకు పైగా గణాంకాల పుస్తకంలో ఆ వరుస కనిపించలేదు. రోగికి జ్వరం చూసి థర్మామీటరు దాచేసినట్టు.

దాచిన చోటే చూసిన కుర్రాడు ఒకడున్నాడు. ఇమ్మాన్యుయేల్ టోడ్ అని ఫ్రెంచి జనాభా పరిశోధకుడు, వయసు పాతికేళ్లు. 1976లో పుస్తకం రాసి, పసిపిల్లల మరణాలు పెరుగుతున్న ఈ వ్యవస్థ నిలవదన్నాడు. ప్రపంచమంతా ఎర్ర మైదానంలో ట్యాంకుల కవాతు చూసి లెక్కలు వేస్తుంటే, అతను ఉయ్యాలల వైపు చూశాడు. అప్పుడు అతన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

1987లో యెవ్గెనీ చాజోవ్ ఆరోగ్య మంత్రి అయ్యాడు. ఈయన గుండె వైద్యుడు. అణుయుద్ధాన్ని ఆపాలని అమెరికా డాక్టరు బెర్నార్డ్ లోన్‌తో కలిసి వైద్యుల సంఘం పెట్టినవాడు, ఆ సంఘానికి 1985లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అంతకు ముందు ఇరవై ఏళ్లు క్రెమ్లిన్ పెద్దలకు మాత్రమే వైద్యం చేసే ప్రత్యేక విభాగానికి అధిపతి. అక్కడ అన్నీ ఉండేవి. ఆంద్రొపోవ్‌కు మూత్రపిండాలు పాడైతే డయాలసిస్ మీద నెలల తరబడి బతికించారు. అలాంటి చోటు నుంచి వచ్చిన మనిషి దేశంలోని మామూలు ఆసుపత్రుల లెక్క బయటపెట్టాడు. అప్పుడు బయటికొచ్చిన వివరాల ప్రకారం గ్రామీణ జిల్లా ఆసుపత్రుల్లో సగానికి పైగా వేడినీళ్లు లేవు. నాలుగో వంతు చోట్ల మురుగు పారే ఏర్పాటు లేదు. కొన్నింటికి అసలు కుళాయే లేదు. చలికాలంలో మైనస్ ముప్పై డిగ్రీలుండే దేశంలో, కాన్పుల వార్డులో వేడినీళ్లు లేకపోవడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు మా హాస్టల్లో రష్యన్ స్నేహితులెవరూ ఆశ్చర్యపోలేదు. ఇంత గట్టిగా పైకి చెప్పినందుకే ఆశ్చర్యపోయారు.

నేను తిరిగొచ్చిన ఏడాదే ఎలిస్తా నగరంలో పిల్లల ఆసుపత్రి సంగతి బయటపడింది. సరిగ్గా శుద్ధి చేయని సిరంజిల వల్ల డెబ్బై మందికి పైగా పిల్లలకు హెచ్‌ఐవీ సోకింది. వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజిలు దేశ అవసరంలో ఏ మూలకూ రానన్నే తయారయ్యేవి. ఖండాంతర క్షిపణులు చేసే దేశం.

సైన్యానికి అంత పెడితే సైనికుడైనా సుఖపడ్డాడా అంటే, అదీ లేదు. అఫ్గానిస్తాన్‌లో 1979 నుంచి 1989 దాకా దాదాపు 6,20,000 మంది సోవియట్ సైనికులు పనిచేశారు. పదిహేను వేల మంది దాకా చనిపోయారు. అది అందరికీ తెలిసిన అంకె. తెలియనిది ఇంకొకటి: నాలుగు లక్షల మందికి పైగా జబ్బులతో ఆసుపత్రి పాలయ్యారు. లక్షా పదిహేను వేల మందికి కామెర్లు, ముప్పై ఒక్క వేల మందికి టైఫాయిడ్. కాచని నీళ్లు, కడగని చేతులు, మరుగుదొడ్డి లేని శిబిరాలు. హెలికాప్టర్లకు లోటు లేదు, సబ్బుకు లోటు.

ఇంకొక సంగతి చెప్పాలి, నాకు ఇది అన్నిటికన్నా బాధ. 1958లో మశూచిని ప్రపంచం నుంచే తుడిచేద్దామని ప్రపంచ ఆరోగ్య సభలో ప్రతిపాదించింది సోవియట్ శాస్త్రవేత్త విక్టర్ జ్దానోవ్. తర్వాత ఆ దేశం వంద కోట్లకు పైగా టీకా డోసులు ఉచితంగా ఇచ్చింది. మన దేశానికి వచ్చినవీ చాలా. ఇక్కడున్న పెద్దవాళ్లలో చాలామంది చేతి మీద మచ్చకు ఆ టీకాతో చుట్టరికం ఉండవచ్చు. 1975 తర్వాత మన దేశంలో మశూచి కేసు లేదు. సరిగ్గా ఆ 1970లలోనే అదే ప్రభుత్వం 'బయోప్రెపరాట్' అనే సంస్థ పెట్టి, మందుల పరిశోధన ముసుగులో జీవాయుధాలు చేయించింది. వాటిలో మశూచి కూడా ఉందని ఆ సంస్థ ఉపాధిపతిగా పనిచేసి 1992లో అమెరికా వెళ్లిపోయిన కెన్ అలీబెక్ తర్వాత రాశాడు. 1979లో స్వెర్ద్లోవ్స్క్ సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ గాలిలోకి పొక్కి కనీసం అరవై మందికి పైగా చనిపోతే, చెడిన మాంసం తిని పోయారని చెప్పారు.

మన హైదరాబాద్‌కూ ఈ కథతో సంబంధం ఉంది. బాలానగర్‌లోని ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ సోవియట్ సాయంతో కట్టిందే. అక్కడ పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి గారి లాంటివాళ్లు పెట్టిన కంపెనీలే నేడు నగరానికి పేరు తెచ్చాయి. తమ దగ్గర మందుల కొరత పెట్టుకుని, హంగరీ నుంచీ మన నుంచీ కొనుక్కుంటూ, మనకు మందుల పరిశ్రమ నేర్పి వెళ్లారు. వాళ్ల దేశం పోయాక హైదరాబాద్ మాత్రలు మాస్కో దుకాణాలకు వెళ్లాయి.

ఆయుధాల ఖర్చు వల్లే దేశం కూలిందని నేను అనను. 1986లో చమురు ధర పడిపోయింది, అదే ఏడాది చెర్నోబిల్ పేలింది, తిండిగింజలు కొనుక్కోవలసి వచ్చింది, బాల్టిక్ ప్రజలు విడిపోతామన్నారు. వోద్కా సంగతి మరవకూడదు. 1985 మేలో గోర్బచేవ్ మద్యం మీద కట్టడి పెడితే రెండేళ్లలో మగవాళ్ల ఆయుర్దాయం దాదాపు మూడేళ్లు పెరిగింది. ఏ ఆసుపత్రీ కట్టకుండా! కానీ ఖజానాకు వోద్కా మీద వచ్చే ఆదాయం పడిపోయింది, జనం గొణిగారు, కట్టడి సడలింది. 1994లో రష్యా మగవాడి ఆయుర్దాయం 58 ఏళ్లు కూడా లేదు. డిఫ్తీరియా, అంటే మన కంఠసర్పి, టీకాతో ఎప్పుడో అణగిన జబ్బు, 1990లలో పాత సోవియట్ దేశాల్లో లక్షన్నర మందికి వచ్చి ఐదు వేల మంది దాకా చనిపోయారు. ఆయుధాలు మాత్రం అప్పటికీ గోదాముల్లో భద్రంగానే ఉన్నాయి. నాతో చదివిన వాళ్లలో ఒకమ్మాయి ఆ రోజుల్లో జీతం రాక ఆసుపత్రి వదిలేసి, టర్కీ నుంచి కోట్లు తెచ్చి బజార్లో అమ్మింది.

అమెరికా నుంచి వచ్చిన మన వాళ్లు మూడో వరుసలో ఉన్నారు. పొద్దున టిఫిన్ దగ్గర ఒకతను అడిగాడు: "అన్నా, మా దేశమూ అలాగే అవుతుందా?" ఆ దేశం కథ తలకిందులు తమ్ముడూ. అక్కడ సైన్యానికి జాతీయోత్పత్తిలో మూడు శాతం చిల్లర పోతే, వైద్యానికి పదిహేడు శాతానికి పైగా పోతోంది. సంపన్న దేశాల్లో ఎవరూ అంత పెట్టరు. అయినా 2014లో 78.9 ఏళ్లున్న ఆయుర్దాయం 2021కి 76.4కి దిగింది. కోవిడ్ ఒక్కటే కారణం కాదు, అంతకు ముందే మత్తుమందులు, తాగుడు, ఆత్మహత్యలు చదువు తక్కువున్న నడివయసు వాళ్లను తీసుకుపోతున్నాయని ఏన్ కేస్, ఆంగస్ డీటన్ అనే ఆర్థికవేత్తలు 2015లోనే చూపించారు. మాస్కోలో డబ్బు ఆసుపత్రి దాకా రాలేదు. అక్కడ వస్తోంది కానీ బీమా కంపెనీలు, బిల్లుల గుమాస్తాలు, మందుల ధరలు దాటి రోగి దాకా చేరేసరికి చాలా కరిగిపోతోంది. ఒక్క తేడా ఉంది. ఆ అంకెల్ని అక్కడ ఏటా అచ్చువేస్తారు, పేపర్లో పోట్లాడుకుంటారు. ఆ తర్వాత ఆయుర్దాయం మళ్లీ కొంత పెరిగింది కూడా.

నిర్వాహకులు చీటీ పంపారు, భోజనాలు సిద్ధమట. ప్రశ్నలున్నవాళ్లు నా పక్కన కూర్చోండి. షుగరున్నవాళ్లు కొంచెం దూరంగా కూర్చుంటే బూరెలు తినడానికి మీకూ మొహమాటం ఉండదు, నాకూ ఉండదు.